బావగారికి తెలియకూడదన్న షరతు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం. భార్య, నాలుగేళ్ల పాప. మూడేళ్లుగా క్రికెట్ బెట్టింగ్ ఆడుతున్నాను. మొదట్లో బాగానే వచ్చింది. కొన్ని నెలలుగా ఏది పట్టుకున్నా పోతోంది. పోయినదానికి రెట్టింపు పెట్టి చూశాను, టెలిగ్రామ్‌లో టిప్‌లు కొన్నాను. ఇప్పటికి ఎనిమిది లక్షలు పోయాయి. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్క తెనాలిలో ఉంటుంది. మూడుసార్లు డబ్బు సర్దింది. నగలు కుదువ పెట్టిందని తర్వాత తెలిసింది. బావకు తెలియకూడదన్నదొక్కటే ఆమె షరతు. మొన్న ఒక పెళ్లికి రోల్డ్ గోల్డ్ గాజులు వేసుకొచ్చింది, ఎవరూ గమనించలేదు. నా భార్యకు ఇదేమీ తెలియదు. ఇలాంటి బ్యాడ్ ఫేజ్‌లో టెన్షన్ పడకుండా, డిసిప్లిన్‌తో నిలబడటం ఎలా? ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది.

జవాబు: మీ ఆఖరి వాక్యానికే ముందు జవాబు చెబుతాను. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఆ నిమిషంలోనే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. ప్రభుత్వానిది, ఉచితం, అర్ధరాత్రి అయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ సమయంలో ఒంటరిగా ఉండకండి. పక్క గదిలో ఉన్న భార్యను లేపి, 'నాకు భయంగా ఉంది' అనండి. కారణం తెల్లారాక చెప్పొచ్చు. ఎనిమిది లక్షలు ఉద్యోగం చేసుకునే మనిషి తీర్చలేని అప్పు కాదు. కొన్నేళ్లు పడుతుంది, అంతే.

ఇక మీరు అడిగింది. ఎలా తట్టుకోవాలి అంటారా? తట్టుకోవద్దు, మానేయండి. బ్యాడ్ ఫేజ్ అనేది బ్యాట్స్‌మన్‌కు ఉంటుంది. అతని ఫామ్ పోతుంది, నెట్స్‌లో చెమటోడిస్తే తిరిగొస్తుంది. పందెం కాసేవాడికి ఫామ్ ఎక్కడిది? రేపటి టాస్‌కు మీరు నిన్న ఎంత పోగొట్టుకున్నారో తెలియదు. వరసగా ఇన్ని పోయాయి కాబట్టి ఇక రావాలి అని మీరనుకుంటున్నారు. రావాలని ఎక్కడా రాసి లేదు.

లెక్క చూడండి. రెండు జట్లూ సమానమైన మ్యాచ్‌లో వెయ్యి కాస్తే, గెలిచినప్పుడు బుకీ ఇచ్చేది తొమ్మిది వందలనుకుందాం. ఓడితే మీది వెయ్యీ పోతుంది. పది పందేల్లో ఐదు గెలిచి ఐదు ఓడినా ఐదు వందలు నష్టమే. అంటే సరిగ్గా సగం గెలిచేవాడు కూడా నెమ్మదిగా మునుగుతాడు. ఇక రెట్టింపు సంగతి. వెయ్యితో మొదలుపెట్టి వరసగా ఆరు ఓడితే అప్పటికే 63,000 పోయి ఉంటాయి. ఏడోది 64,000 పెట్టాలి. ఇంతా చేసి గెలిచినా, ఆ తొమ్మిది వందల రేటుతో పోయినదంతా వెనక్కి రాదు. మీరు డిసిప్లిన్ అంటున్నది దీన్నే.

చట్టం గురించి రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం తెచ్చింది. మీకు పందెం కాసే ఐడీ ఇచ్చినవాడు రేపు దాన్ని బ్లాక్ చేసి మీ డబ్బు మింగేస్తే ఎవరి దగ్గరికెళ్లి మొత్తుకుంటారు? వాళ్లు రోజుకో పేరు మీద ఖాతా నంబరు పంపుతారు కదా, అలాంటి ఖాతా ఏ సైబర్ కేసులోనో ఇరుక్కుంటే దానితో లావాదేవీలు చేసిన మీ జీతం ఖాతాకూ ఫ్రీజ్ పడొచ్చు. ఈ విషయాన్ని ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే మీ అసలు సమస్య బెట్టింగ్ అని నేననుకోవడం లేదు.

మీ అసలు సమస్య మీ అక్క.

ఆవిడను తప్పు పట్టడం లేదు. అమ్మ పోయాక మిమ్మల్ని పెంచింది. మీరు ఫోన్‌లో 'అక్కా' అన్న తీరును బట్టే ఆవిడకు విషయం తెలిసిపోతుందని నా నమ్మకం. కానీ మీ ఉత్తరంలో భార్య గురించి రెండు మాటలు, బుకీ గురించి ఒక్క మాటా లేదు. అక్క గురించి మాత్రం ఐదు వాక్యాలున్నాయి. మూడుసార్లు మునిగారు, మూడుసార్లూ ఆవిడే ఒడ్డున పడేసింది. అందుకే మీకు ఇంతవరకు ఓడినట్టే అనిపించలేదు. 'బ్యాడ్ ఫేజ్' అనిపించింది. ధర్మరాజు మొదటి జూదంలో పోగొట్టుకున్నదంతా ద్రౌపది వరాల పుణ్యమా అని తిరిగొచ్చింది. ఆయన ఏం చేశాడు? మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. మీ లాస్ కవర్ చేసే మనిషి తెనాలిలో ఉన్నంతకాలం మీరూ కూర్చుంటూనే ఉంటారు.

గాజులు ఎవరూ గమనించలేదని రాశారు. అయ్యా, పెళ్లిలో ఆడవాళ్లు ముందు చూసేది చేతులూ మెడే. ఆవిడ అత్తగారు చూసే ఉంటారు, తోడికోడలు చూసే ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు. అప్పుడు ఆవిడ ఏం చెప్పాలి? పుట్టింటికి దోచిపెట్టిందన్న మాట ఆవిడ నెత్తిన పడుతుంది, ముప్పై ఏళ్లయినా పోదు. ఆడపడుచుకు పసుపు కుంకుమలు పెట్టి పంపాల్సిన వాడు మీరు. ఆ చేత్తోనే ఆవిడ చేతి గాజులు తీసుకున్నారు. కటువుగా ఉందా? ఉండనివ్వండి.

ఇంకొకటి మీరు ఆలోచించినట్టు లేదు. బంగారం మీద అప్పుకు సాధారణంగా ఏడాది గడువు. వడ్డీ కట్టకపోతే వేలం వేసే ముందు నోటీసు వస్తుంది, అదీ అప్పు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికి. పోస్ట్‌మన్ దాన్ని మీ బావగారి చేతిలో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. అలా తెలియడం కంటే మీ నోటి నుంచి తెలియడం వెయ్యి రెట్లు నయం.

ఈ రాత్రే భార్యకు చెప్పండి. పాప పడుకున్నాక, ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. ఒక్క అప్పు దాచినా మళ్లీ మొదటికొస్తుంది. ఏడుస్తుంది, తిడుతుంది, పుట్టింటికి వెళ్తానంటుంది. మీకు జవాబు చెప్పే హక్కు లేదు, వినండి. జీతం ఆవిడ చేతికి వెళ్లే ఏర్పాటు చేయండి. మీ ఫోన్‌లో యూపీఐ రోజువారీ ఖర్చుకు సరిపడా ఉన్న చిన్న ఖాతాకే ఉంచండి. ఐడీ ఇచ్చినవాడి నంబర్, టిప్‌ల గ్రూపులు ఆవిడ చూస్తుండగానే తీసేయండి.

వచ్చే ఆదివారం ఇద్దరూ తెనాలి వెళ్లండి. వెళ్లే ముందు అక్కకు ఫోన్ చేసి, 'బావకు నేనే చెబుతాను' అనండి. ఆవిడ వద్దంటుంది, ఒట్టు వేయించుకోబోతుంది. అక్కడ మాత్రం అక్క మాట వినకండి. బావగారి ఎదుట తప్పంతా మీదేనని, నగలు ఫలానా నెలకల్లా విడిపిస్తానని చెప్పండి. ఆయన చెయ్యి చేసుకున్నా పడండి. ఆయన కోపం మీ మీదికి మళ్లితేనే మీ అక్కకు కాస్త ఊపిరాడుతుంది.

ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన ఇది ఆగుతుందని నేను నమ్మను. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుల జాబితాలో చేర్చింది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మీకు దూరమేమీ కాదు, ఓపీకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. భార్యను వెంట తీసుకెళ్తే మరీ మంచిది.

ఈ జవాబు అక్కకు కూడా పంపండి. అమ్మా, ఈసారి తమ్ముడు డబ్బు కోసం ఫోన్ చేస్తే లేదని చెప్పి పెట్టేయండి. వెంటనే మరదలికి ఫోన్ చేసి, ఎంత అడిగాడో ఆ అంకె చెప్పండి. నగల రశీదులు ఇంట్లో ఏ మూల దాచారో తీసి, గడువు తేదీ ఒకసారి చూసుకోండి.