హోమ్ కేర్ పని మానకుండా జీఎన్ఎం చదవొచ్చా?
గాజువాకలో హోమ్ కేర్ చేస్తున్నా, పని మానకుండా జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చదవొచ్చా అని అడిగారు కదండీ. చదవొచ్చు గానీ పగటి డ్యూటీ కుదరదు, ఎందుకంటే అది 3 ఏళ్ల రెగ్యులర్ కోర్సు, క్లినికల్ పోస్టింగులు, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ డ్యూటీలు, 100 శాతం పూర్తయితే గానీ సర్టిఫికెట్ ఇవ్వరు. దూరవిద్యలో జీఎన్ఎం ఇప్పిస్తామంటే మాత్రం దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టకండి, దాంతో నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. నేను నైట్లు చేస్తూనే చదివా, మంచం మీదున్న మామ్మగారిని 2 గంటలకోసారి పక్కకి తిప్పి, వీపు ఎర్రబడిందేమో టార్చి వేసి చూసి, మళ్లీ పుస్తకం తీసేదాన్ని, బెడ్‌సోర్ (మంచం పుండు) పాఠం అలా చేతులకే వచ్చేసింది. పొద్దున్నే బస్సులో కునుకు పట్టి, దిగాల్సిన జగదాంబ స్టాప్ దాటిపోయిన రోజులున్నాయి, అందుకే చెప్తున్నా, వారానికి 3 నైట్లు మించి ఒప్పుకోకండి. రిజిస్టర్ అయ్యాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ ఇంకో 2 ఏళ్లే.