ఇంటర్ లేకుండా డిగ్రీ చేస్తే లా కాలేజీలో చేర్చుకుంటారా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పదో తరగతి పాసవ్వగానే పెళ్లి చేశారు. లాయర్ కావాలన్నది నా కోరిక. ‘ఇంటర్ అక్కర్లేదు, నేరుగా ఓపెన్ డిగ్రీ చేయించి లాలో చేర్పిస్తాం’ అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు 40 వేలు అడుగుతున్నారు. చదువు పూర్తయ్యేసరికి నాకు 45 దాటుతాయి. అప్పుడు బార్ కౌన్సిల్‌లో చేర్చుకుంటారా? నా టెన్త్ మెమో అత్తగారి బీరువాలో ఉంది. చదువెందుకంటూ మా ఆయన, అత్తగారు దాన్ని ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. వాళ్లు చెప్పిన దారిలో వెళ్తే డిగ్రీ వచ్చినా లాలో సీటు రాదు.

లాయర్ల వృత్తికి, లా చదువుకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనల్లో 5వ నిబంధన మీకు ముఖ్యం. దూరవిద్యలో ఇంటర్ గానీ డిగ్రీ గానీ చేసినవాళ్లు లా కోర్సుకు అర్హులేనని అది స్పష్టంగా చెబుతుంది. అయితే దాని కిందే ఒక వివరణ ఉంది. ఆ చదువుకు కావలసిన ప్రాథమిక అర్హత లేకుండా, ఓపెన్ యూనివర్సిటీ పద్ధతిలో నేరుగా ఇంటర్, డిగ్రీ లేదా పీజీ పొందినవాళ్లు లా కోర్సుకు అర్హులు కారు. అంటే ఓపెన్‌లో చదవడం తప్పు కాదు, మధ్యలో మెట్టు వదిలేయడమే ఇబ్బంది. ఒకప్పుడు మన దగ్గర ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి, ఇంటర్ లేకుండానే ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో, పొలంలో పని చేసుకుంటూ కష్టపడి చదివినవాళ్లు వాళ్లు. ఆ కష్టాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ లా కాలేజీ గుమ్మం దగ్గర వాళ్లకు ఈ వివరణే అడ్డు వస్తోంది. ముందు డిగ్రీ చేసేసి తర్వాత ఇంటర్ రాస్తే సరిపోతుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట నమ్ముకుంటే కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

కాబట్టి ఇంటర్‌తో మొదలుపెట్టండి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో గానీ, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయిన ఎన్ఐఓఎస్‌లో గానీ చేరవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు. టెన్త్ పాసై రెండేళ్లు దాటినవాళ్లు ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులూ ఒకే ఏడాదిలో రాయొచ్చు. ఒక్కసారిగా వీలుకాకపోతే కంగారు లేదు, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. పుస్తకం పట్టి ఇన్నేళ్లయింది కాబట్టి మొదటిసారే అన్నీ రాయాలని టెన్షన్ పడకండి. ‘నెల రోజుల్లో ఇంటర్’ అనే ప్రకటనల జోలికి మాత్రం పోవద్దు. నకిలీదని తెలిసీ సర్టిఫికెట్ వాడితే అది భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. లాయర్ కావాలనుకునేవారికి అలాంటి కేసు ఎంత చేటో చెప్పక్కర్లేదు.

ఇంటర్ తర్వాత లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. లేదా డిగ్రీ చేసి మూడేళ్ల కోర్సుకు వెళ్లొచ్చు. మీ వయసుకు మొదటిదే మేలని నా అభిప్రాయం, ఒక ఏడాది కలిసివస్తుంది. అర్హత పరీక్షలో, అంటే ఐదేళ్ల కోర్సుకైతే ఇంటర్‌లో, మూడేళ్ల కోర్సుకైతే డిగ్రీలో, జనరల్ వాళ్లకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. అత్తెసరు మార్కులతో పాసైతే చాలదు. లా చదువు మాత్రం కాలేజీకి వెళ్లే చదవాలి. దూరవిద్యలో చేసిన లా డిగ్రీతో బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా నమోదు, అంటే ఎన్‌రోల్‌మెంట్ ఇవ్వరు.

వయసు గురించి దిగులు వద్దు. లాసెట్‌కు వయోపరిమితి లేదు. ఐదేళ్ల కోర్సుకు 20, మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ 2016లో ఇచ్చిన సర్క్యులర్‌పై 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇక 45 దాటితే ఎన్‌రోల్ చేసుకోకూడదని ఒకప్పుడు నిజంగానే ఒక నిబంధన ఉండేది. మీరు విన్నది బహుశా దాని గురించే. అది సమానత్వ హక్కుకు విరుద్ధమని 1995లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక మెమో సంగతి. అది మీది. మీ చదువుకు భర్త అనుమతి గానీ సంతకం గానీ చట్టరీత్యా అవసరం లేదు. మెమో ఇంట్లోనే ఉందని తెలిసి, పోయిందని అఫిడవిట్ ఇచ్చి డూప్లికేట్ తీసుకోమని ఎవరైనా చెబితే వినకండి. అబద్ధపు అఫిడవిట్ రేపు ఎన్‌రోల్‌మెంట్ వేళ మీ మెడకే చుట్టుకుంటుంది. ముందు ఇంట్లో పెద్దల ద్వారా అడిగించి చూడండి. అప్పటికీ ఇవ్వకపోతే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు. మీకు చెందిన ఆస్తి, పత్రాలు తిరిగి ఇప్పించే అధికారం 19(8) సెక్షన్ కింద ఆయనకు ఉంది. దీనికోసం మీరు ఇల్లు వదలాల్సిన పని గానీ, విడాకులు కోరాల్సిన పని గానీ లేదు. లాయర్ ఫీజు గురించి ఆగిపోకండి. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.