సీ, లుక్, వాచ్: ‘నాకు’ పెట్టి చూడండి

సందేహం: ఆఫీసులో మేనేజర్ ఫోన్ చేసి ఫైల్ సంగతి అడిగితే ‘ఐ యామ్ సీయింగ్ ఇట్ సార్’ అన్నాను, పక్క సీట్లో అమ్మాయి కిసుక్కున నవ్వింది. చూస్తున్నాను అంటే సీయింగ్ కాదాండీ? సీ, లుక్, వాచ్ అన్నీ చూడటమే కదా, తెలుగులో లేని తేడా మాకెలా పట్టుబడుతుంది?

సమాధానం: ఆ చివరి ముక్క మాత్రం నేనొప్పుకోనండి. తెలుగులో తేడా లేకపోవడమేంటి, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడుతూనే ఉన్నాం. ‘ఇల్లంతా చూశాను, తాళాలు కనపళ్లేదు’ అంటామా లేదా? చూడటం మనం పనిగట్టుకుని చేసేది, కనపడటం దానంతటది జరిగేది. ఇంగ్లీషులో మొదటిది లుక్, రెండోది సీ. బళ్లో మనచేత సీ అంటే చూచుట అని బట్టీ పట్టించారు, అక్కడొచ్చింది చిక్కంతా, కనపడుట అని చెప్పుంటే సగం తప్పులు పుట్టేవే కావు.

ఇంకో తమాషా ఏంటంటే కనపడటానికి ‘నేను’ రాదు, ‘నాకు’ వస్తుంది. నాకు కనపడుతోంది, నాకు వినపడుతోంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు గుర్తుంది. వీటికి ఇంగ్లీషు చెప్పుకోండి: సీ, హియర్, నో, వాంట్, రిమెంబర్. మామూలుగా ఐఎన్‌జీ తగిలించకూడదని గ్రామర్ పుస్తకాలు లిస్టు ఇచ్చేది వీటికే! అంటే ఆ లిస్టులో చాలా భాగం మన ‘నాకు’లోనే దాక్కుని ఉంది. అన్నీ లొంగవనుకోండి, నాకు చెమట పడుతోంది అంటే ఐ యామ్ స్వెటింగే.

మీ ఫైల్ దగ్గరికొస్తే, మీరు కూర్చుని చూస్తున్నారు కాబట్టి ‘ఐ యామ్ లుకింగ్ ఎట్ ఇట్’. ఆ ఎట్ మాత్రం వదలకండి. ఇక ఆ అమ్మాయి ఎందుకు నవ్విందంటే, ఫలానా అబ్బాయిని సీయింగ్ అంటే వాడితో ప్రేమలో ఉన్నానని అర్థం, మీరు ఫైల్‌తో ప్రేమలో పడ్డట్టు వినిపించి ఉంటుంది పాపం. ‘ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో’ అంటే మాత్రం తప్పు లేదు, అక్కడ సీ అంటే కలవడం.

ఆన్‌లైన్ మీటింగుల్లో మనవాళ్లు ‘ఈజ్ మై స్క్రీన్ విజిబుల్? యామ్ ఐ ఆడిబుల్?’ అంటుంటారు చూడండి, నాకు భలే ముచ్చటేస్తుంది. కనపడుతోందా, వినపడుతున్నానా అనేవి అచ్చంగా దిగిపోయాయి అందులో. గ్రామర్ ప్రకారం తప్పేం కాదు, కాకపోతే ఇంగ్లీషు సొంత భాషైన వాళ్లు ‘కెన్ యూ సీ మై స్క్రీన్’ అంటారు. ‘ఆర్ యూ సీయింగ్’ కన్నా మన విజిబులే నయం.

ఒక్కచోట మాత్రం కనపడు తిరగబడుతుంది. ‘ఏంటమ్మా, నీరసంగా కనపడుతున్నావు?’ ఇక్కడ సీ కాదు, ‘యూ లుక్ టైర్డ్’. ఎందుకంటే ఇక్కడ ముఖ్యం చూసేవాడు కాదు, ఎదుటి మనిషి వాలకం. ‘నాకు’ ఉంటే సీ, ‘నీరసంగా’ లాంటి ‘గా’ ఉంటే లుక్ అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

వాచ్ అంటే ఏం జరుగుతుందా అని కనిపెట్టుకుని ఉండటం. వాచ్‌మన్‌ని లుక్‌మన్ అనరు కదా. అమ్మ స్నానానికెళ్తూ ‘పొయ్యి మీద పాలున్నాయి, చూస్తుండు’ అంటుందే, అది వాచ్. లుక్ అనుకుని ఒకసారి గిన్నెలోకి తొంగిచూసి వచ్చేశారో, పాలు పొయ్యి పాలే. మ్యాచ్, టీవీ వాచ్ చేస్తాం, ఫొటోని మాత్రం లుక్ ఎట్, అది కదలదు కాబట్టి. సినిమాకి సీ, వాచ్ రెండూ నడుస్తాయి, హాలుకెళ్లి చూసొచ్చాం అన్నప్పుడు సీ ఎక్కువ వినిపిస్తుంది, ఇంట్లో ఫోన్‌లో చూస్తే వాచే.