పాలపొడి డబ్బాలు పంపితే తప్పేమిటి?

ఆపదలో చిక్కుకున్న పిల్లల ఆరోగ్యం, చదువు, హక్కుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి మా జవాబులు

ప్రశ్న: భూకంపం వచ్చిన చోట పసిపిల్లలకు పాలు దొరకవేమోనని మా బృందం పాలపొడి డబ్బాలు, పాలసీసాలు పోగు చేసింది. బట్టలు, మందులు కూడా ఉన్నాయి. సహాయ సంస్థవాళ్లు ఇవేవీ వద్దు, వీలైతే డబ్బు ఇవ్వండి అన్నారు. మాకు బాధేసింది. ఎందుకలా?

మీ బాధ అర్థమవుతుంది. కానీ వాళ్లు చెప్పింది సరైన మాట. సీసాపాలు కలపాలంటే మరగకాచిన నీళ్లు కావాలి. సీసా, పీక కడగడానికి మళ్లీ శుభ్రమైన నీళ్లు కావాలి. పొయ్యి కావాలి, వంటచెరకు కావాలి. భూకంపంలోనైనా వరదలోనైనా మొట్టమొదట పోయేవి ఇవే. మురికి నీళ్లలో కలిపిన పాలు తాగితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆసుపత్రి కూడా కూలిపోయిన చోట ఆ విరేచనాలే ప్రాణం తీస్తాయి.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. తల్లిపాలు బిడ్డ కుడిచేకొద్దీ ఊరుతాయి. డబ్బా చేతికొచ్చాక తల్లి నాలుగు పూటలు కుడపడం తగ్గిస్తే పాలు తగ్గుతాయి. పది రోజుల్లో డబ్బా ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ బిడ్డకు డబ్బా పాలూ ఉండవు, తల్లిపాలూ సరిపోవు. 2006 మేలో ఇండోనేషియాలోని యోగ్యకర్తా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు విరాళంగా వచ్చిన పాలపొడిని అవసరం చూడకుండా పంచేశారు. తర్వాత లెక్క చూస్తే, ఆ డబ్బాలు అందుకున్న ఇళ్ల పిల్లల్లోనే విరేచనాలు ఎక్కువగా ఉన్నాయి.

'భయానికి పాలు ఇంకిపోయాయి' అనే మాట ఇలాంటి చోట్ల తప్పకుండా వినిపిస్తుంది. బెదురు వల్ల పాలు దిగడం కాసేపు ఆలస్యం కావచ్చు గానీ ఊరడం ఆగిపోదు. తల్లికి చాటుగా కూర్చునే చోటు, తాగడానికి నీళ్లు, కడుపుకు తిండి, తోడుగా అనుభవం ఉన్న మనిషి, ఈ నాలుగూ సమకూరిస్తే మాటిమాటికీ కుడిపించగలుగుతుంది. తల్లి లేని బిడ్డ సంగతి వేరు. అలాంటి బిడ్డకు పాలపొడి కావాల్సిందే. దాన్ని సంస్థే కొని, అవసరం ఉన్నంతకాలం ఆగకుండా ఇచ్చి, కలిపే పద్ధతి దగ్గరుండి నేర్పి, సీసాతో కాకుండా గిన్నెతో పట్టిస్తుంది. గిన్నెను కడగడం తేలిక, సీసా మెడలోనూ పీకలోనూ మురికి దాక్కుంటుంది.

ఇక మందులు. విరాళంగా వచ్చే మందుకు గడువు చేరేనాటికి కనీసం ఏడాది మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇళ్లలో మిగిలిన సగం సగం మాత్రల పట్టీలు, అక్కడివాళ్లు చదవలేని భాషలో పేర్లున్న సీసాలు పంపితే, రోగిని చూడాల్సిన ఫార్మసిస్టు వాటిని ఏరుతూ కూర్చోవాలి. బట్టలదీ అదే కథ. డబ్బు అలా కాదు, నీళ్లను శుభ్రం చేసే బిళ్లలు కావాలంటే అవి, దుప్పట్లు కావాలంటే అవి అవుతుంది. పోగు చేసినవాటిలో దగ్గర్లో అమ్మగలిగినవి అమ్మి ఆ సొమ్ము పంపండి.

ప్రశ్న: శిబిరాల్లో పిల్లల జబ్బకు రంగుల టేపు చుట్టి, కొందరికి మాత్రం వేరుశనగ ముద్ద ప్యాకెట్లు ఇస్తారట. చిక్కిపోయిన పిల్లలందరికీ కడుపునిండా అన్నం పెడితే సరిపోదా?

సరిపోదు. పైగా మరీ చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా కడుపు నింపితే ప్రమాదం.

ముందు టేపు సంగతి. ఇది ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ఐదేళ్లలోపు వాళ్ల వరకు వాడతారు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి, భుజం కొన నుంచి మోచేతి కొన వరకు కొలిచి, సరిగ్గా సగం దగ్గర గుర్తు పెడతారు. తర్వాత చెయ్యి వదులుగా కిందికి వేలాడేసి, గుర్తు మీద టేపు చుడతారు. 125 మిల్లీమీటర్లు, అంతకు పైన ఆకుపచ్చ. 115 నుంచి 125 లోపు పసుపు. 115 కన్నా తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. 115 మిల్లీమీటర్ల చుట్టుకొలత అంటే అడ్డంగా నాలుగు సెంటీమీటర్లు కూడా లేని జబ్బ. మన రెండు వేళ్లు జోడిస్తే ఎంత వెడల్పో ఇంచుమించు అంత.

పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. టేపును బిగించి లాగితే బాగున్న బిడ్డ ఎరుపులో పడతాడు. వదులుగా పెడితే ఎరుపులో ఉండాల్సిన బిడ్డ పసుపులోకి జారిపోయి ఇంటికి వెళ్లిపోతాడు. రెండోదే ఎక్కువ భయం. టేపు చర్మాన్ని చుట్టూ తాకాలి, ఎక్కడా లోపలికి నొక్కుకోకూడదు. చొక్కా చెయ్యి మీద నుంచి కొలవనే కూడదు.

టేపుతోనే ఆగకూడదు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీయాలి. రెండింటి మీదా సొట్ట అలాగే నిలిచిపోతే ఒంట్లో నీరు పట్టిందని అర్థం. అలాంటి బిడ్డ చూడటానికి బొద్దుగా ఉంటాడు, టేపు ఆకుపచ్చ చూపించవచ్చు. అయినా అది తీవ్ర లోపమే.

ఆ తర్వాత ఆకలి పరీక్ష. సందడి లేని చోట తల్లి చేతులు కడుక్కుని ముద్దను కొంచెం కొంచెంగా పెట్టాలి, పక్కన మంచినీళ్లు ఉంచాలి, బలవంతం చేయకూడదు. ఆబగా తింటే, వేరే జబ్బు లేకపోతే, ఇంటి దగ్గరే వైద్యం చేయవచ్చు. తినకపోతే ఆసుపత్రిలో చేర్చాలి. అక్కడ ఎఫ్-75 అనే పాలు ఇస్తారు. వంద మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలే ఉండేలా, మాంసకృత్తులు, సోడియం తక్కువగా ఉండేలా చేసిన పాలివి. రెండు మూడు గంటలకోసారి కొద్ది కొద్దిగా పట్టిస్తారు. చాలాకాలం పస్తున్న ఒంట్లో గుండె, మూత్రపిండాలు మందగించి ఉంటాయి. ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. బిడ్డ కాస్త తేరుకుని ఆకలి వచ్చాక ఇంకా బలమైన ఎఫ్-100 పాలకో, ముద్దకో మారుస్తారు.

ఆ ముద్దలో వేరుశనగ పేస్టు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు ఉంటాయి. 1996లో ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే బ్రియాన్, మిషెల్ లెస్కాన్ తయారుచేశారు. ప్యాకెట్ 92 గ్రాములు, 500 కిలోకేలరీలు. నీటి చుక్క కలపలేదు కాబట్టి సూక్ష్మక్రిములు పెరగలేవు. వండక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, కొస చించి నేరుగా తినిపించవచ్చు. రోజుకు ఎన్ని అనేది బరువును బట్టి చెబుతారు. పాలు తాగే బిడ్డకు ముందు తల్లిపాలు, తర్వాత ముద్ద. కేంద్రానికి వచ్చిన ప్రతిసారీ బరువు, జబ్బ కొలత చూస్తారు. వరసగా రెండు సార్లు జబ్బ 125 దాటి, నీరు పూర్తిగా తీసి, బిడ్డ హుషారుగా ఉంటేనే వైద్యం ముగుస్తుంది.

బరువు పెరగకపోతే తల్లిని తప్పు పట్టడం కన్నా ఇంట్లో ఇంకెంతమంది పిల్లలున్నారని అడగడం మంచిది. ఆకలిగా ఉన్న అన్నాచెల్లెళ్ల ముందు ఒక్కడికే ముద్ద పెట్టడం ఏ తల్లికీ చేతకాదు. అందుకే కుటుంబం మొత్తానికి రేషన్ అందని చోట ఈ వైద్యం తరచూ తడబడుతుంది.

ప్రశ్న: ఓఆర్ఎస్ తాగించినా పిల్లలకు తగ్గడం లేదని కొందరు అంటారు. కలపడంలో తేడా ఉంటుందా?

తేడా చాలా ఉంటుంది. అంతకన్నా ముందు ఒక మాట. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు, ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపుతుంది. ఆ సంగతి చెప్పకుండా చేతికిస్తే, ఇంకా అవుతున్నాయని మధ్యలోనే మానేస్తారు.

2002 నుంచి వాడుతున్న మిశ్రమంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్ మొత్తం ఎన్ని నీళ్లకని రాసి ఉంటే అన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. చక్కెర, పళ్లరసం కలపకూడదు. కలిపాక మరిగించకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో, పెద్దపిల్లలకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. తోడుగా జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలలలోపు బిడ్డకు 10, పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి. విరేచనాలు తగ్గాయని జింక్ మూడో రోజే ఆపేస్తే, మళ్లీ మళ్లీ రాకుండా చేసే మేలు పోతుంది. తిండి, తల్లిపాలు మానిపించకూడదు. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, రక్తం పడినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తున్నా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ప్రశ్న: కరెంటు లేని చోట టీకాలు చెడకుండా ఎలా తీసుకెళ్తారు?

చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి తగిలితే చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చెడుతుందన్నదే మరిచిపోతారు. ధనుర్వాతం, కోరింత దగ్గు, హెపటైటిస్-బి టీకాలలో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే అది రేణువులుగా ముద్దకట్టి టీకా పనికిరాకుండా పోతుంది. కరిగాక చూస్తే మామూలు సీసాలాగే ఉంటుంది, అదే చిక్కు.

దీనికి ముఖ్య కారణం తొందర. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను అలాగే టీకాలు మోసుకెళ్లే పెట్టెలో పెట్టేస్తారు. వాటిని బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. అనుమానం ఉంటే, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలనే గడ్డకట్టించి, కరిగించి, రెండింటినీ ఊపి పక్కపక్కన పెట్టాలి. అనుమానపు సీసాలో మడ్డి కూడా అంతే త్వరగా పేరుకుంటే ఆ సీసాలు వాడకూడదు.

వేడి సంగతి సీసా మీది గుర్తు చెబుతుంది. వలయం మధ్యలో తెల్లని చిన్న చదరం ఉంటుంది, వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. వలయంతో సమానంగా నల్లబడితే పారేయాలి. తట్టు టీకా పొడిని కలిపాక ఆరు గంటలు దాటితే వాడకూడదు, గడువు చూడకుండా వాడి బిడ్డల ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. ఇప్పుడు బ్యాటరీ లేని సౌర ఫ్రిజ్‌లు వచ్చాయి. పగటి ఎండతో లోపల మంచు గడ్డకట్టించుకుని, రాత్రీ మబ్బు రోజులూ దానితోనే చల్లగా ఉంటాయి. సౌర పలక మీద దుమ్ము తుడవకపోతే, చెట్టునీడ పడితే పని చేయవు.

ప్రశ్న: విపత్తులో అనాథలైన పిల్లలను దత్తత తీసుకోవచ్చా?

అప్పుడే వద్దు. తప్పిపోయిన బిడ్డ అనాథ అని ఎవరూ మొదటి వారంలో తేల్చలేరు. తల్లి వేరే శిబిరంలోనో ఆసుపత్రిలోనో ఉండవచ్చు. పిల్లల దగ్గర పనిచేసేవాళ్లు ఆ రోజే, బిడ్డకు గుర్తున్నప్పుడే, అన్నీ రాసుకుంటారు: ఇంట్లో పిలిచే పేరు, తోబుట్టువుల పేర్లు, ఇంటి దగ్గర చెరువో గుడో ఏముందో, ఎక్కడ ఎప్పుడు విడిపోయాడో. మాటలు రాని పాపైతే ఒంటి మీది బట్టలు, మొలతాడు దాచిపెట్టి ఫొటో తీస్తారు, తల్లి గుర్తుపట్టేది వాటినే. తోబుట్టువులను విడదీయరు. దూరప్రాంతానికి తరలించరు. ఎవరైనా వచ్చి 'మా బిడ్డే' అంటే, వాళ్లు చెప్పేదీ బిడ్డ చెప్పేదీ విడివిడిగా సరిచూస్తారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు కూడా ఆ గందరగోళంలోనే వస్తారు. బిడ్డ ముఖం, పేరు, ఉన్న చోటు కలిపి ఫోన్లలో పంచకండి.

ప్రశ్న: తిండే లేనిచోట బడి ఎందుకు?

బడికి వచ్చే పిల్లవాడు ఆ పూట ఎవరి కంటైనా ఆనతాడు. టీకా, భోజనం, తాగునీరు అందించడానికి అంత వీలైన చోటు ఇంకొకటి లేదు. యునిసెఫ్ పంపే 'పెట్టెలో బడి'లో సుమారు 40 మందికి పలకలు, నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, టీచరుకు గడియారం, లెక్కల సామాను ఉంటాయి. పెట్టె మూతకు రంగు పూస్తే నల్లబల్ల అవుతుంది. కానీ నీళ్లు, మరుగుదొడ్డి లేకుండా గుడారం వేస్తే ముందు మానేసేది పెద్దపిల్లలైన ఆడపిల్లలు.

ప్రశ్న: బాలల హక్కుల ఒడంబడిక మీద దేశాలు సంతకాలు చేస్తే ఒరిగేదేమిటి?

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన ఈ ఒడంబడికలో 54 అధికరణాలున్నాయి. అమెరికా సంతకం చేసినా ఇంకా ఆమోదించలేదు. చేరిన దేశాలు నిర్ణీత కాలానికి జెనీవాలోని నిపుణుల కమిటీకి నివేదిక ఇవ్వాలి, స్వచ్ఛంద సంస్థలు తమ వైపు నుంచి వేరే నివేదిక పెట్టవచ్చు. కమిటీకి ఎవరినీ జైల్లో పెట్టే అధికారం లేదు, కానీ ఆ ప్రశ్నలను పట్టుకుని దేశంలోపల చట్టం కోసం పోరాడవచ్చు.

దీనిలో ఏడో అధికరణం బిడ్డ పుట్టగానే నమోదు చేయాలంటుంది. చాలామంది దాన్ని కాగితాల పనిగా చూస్తారు. 18 ఏళ్లలోపు వాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చకూడదని 2000 నాటి అదనపు ఒప్పందం చెబుతోంది. పదిహేనేళ్ల కుర్రాడిని పట్టుకుపోయినప్పుడు, వాడికి పదిహేనేళ్లేనని తల్లి చూపించగలిగేది ఆ కాగితమే.