గేమ్స్ మానేయక్కర్లేదు, ప్రీ-ఆర్డర్ మానేయండి

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నాను, చేతికి 41 వేలు వస్తుంది. గాజువాకలో ఇంటద్దె, ఊళ్లో అమ్మావాళ్లకి పంపేది, బైక్ ఈఎంఐ పోగా మిగిలేది తక్కువే. నాకున్న ఒకే ఒక్క సరదా పీసీ గేమ్స్. ఈమధ్య ఒక పెద్ద గేమ్ డీలక్స్ ఎడిషన్‌ని రూ. 5,499 పెట్టి ముందే బుక్ చేశాను (ప్రీ-ఆర్డర్), అందరికంటే మూడు రోజులు ముందు ఆడుకోవచ్చన్నారని. ఆ మూడు రోజులూ సర్వర్ క్యూలోనే పోయాయి. ఒక్కడినే ఆడుకునే గేమ్‌కి కూడా నెట్ కనెక్షన్ ఉండి తీరాలట. రివ్యూలు చూస్తే పదికి తొమ్మిది! రిఫండ్ అడిగితే రెండు గంటలు దాటిపోయింది, కుదరదన్నారు. ఏడాదిలో ఇలా ఆరు గేమ్స్ కొంటే రెండే పూర్తిగా ఆడాను. క్రెడిట్ కార్డు మీద 34 వేలు బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. మా ఆవిడేమో గేమ్స్ మొత్తం మానేసి ఆ డబ్బు సిప్‌లో వేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఇంట్లో వాదన సంగతి. గేమ్స్ మానేయక్కర్లేదు. షిఫ్టు చేసి వచ్చి రాత్రి ఓ గంట ఆడుకునే మనిషిని అది కూడా వదిలేయమని చెప్పే బడ్జెట్ ఎక్కువ కాలం నిలబడదు. అలాగని మీ ఆవిడ మాట తీసిపారేయను, ఆవిడ చూస్తున్నది కార్డు స్టేట్‌మెంట్, అందులో ఆవిడ భయపడటానికి కారణం గట్టిగానే ఉంది.

ఆ లెక్క ఒకసారి చూడండి. మీ కార్డు వడ్డీ ఎంతో రాయలేదు గానీ, మన బ్యాంకులు మామూలుగా నెలకు 3.5 శాతం చుట్టుపక్కల వేస్తాయి. 34 వేల మీద అది రూ. 1,190, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో రూ. 214. అంటే ఏ గేమూ కొనకుండానే నెలకు దాదాపు రూ. 1,400 పోతోంది. నాలుగు నెలలు కలిపితే మీరు ఇప్పుడు బాధపడుతున్న ఆ డీలక్స్ ఎడిషన్ ధర దాటిపోతుంది. చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది: పాత బాకీ మిగిలి ఉండగా కార్డు మళ్లీ వాడితే, వడ్డీ లేకుండా నెలాపదిహేను రోజులు దొరుకుతుందనుకుంటామే, ఆ గడువు ఇక ఉండదు. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. ప్రీ-ఆర్డర్ చేసిన రోజే డబ్బు పట్టుకునే స్టోర్ అయితే, గేమ్ ఇంకా విడుదల కాకముందే మీరు దాని మీద వడ్డీ కట్టడం మొదలుపెట్టారన్నమాట. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

అసలు ఈ ప్రీ-ఆర్డర్ ఎందుకు? ఒకప్పుడు డిస్కులు షాపులో అయిపోయేవి, ముందే చెప్పి పెట్టుకోవడంలో అర్థం ఉండేది. డౌన్‌లోడ్ అయిపోవడమనేది ఉండదు కదా. ఈ రోజు కొన్నా, మూడు నెలల తర్వాత కొన్నా అదే ఫైల్, కాకపోతే తర్వాత దొరికేది బాగుచేసిన ఫైల్. మీ దగ్గర ముందే డబ్బు తీసుకుని మీకు వాళ్లిచ్చేది గేమ్‌లో పాత్రకి ఒక డ్రెస్సు, ఒక తుపాకీ రంగు, మూడు రోజుల తొందర. ఆ తొందర కోసం మీరు వదులుకునేది మాత్రం చూసి కొనే హక్కు.

మీకు జరిగింది కొత్తదేం కాదు. 2013 మార్చిలో సిమ్‌సిటీ వచ్చింది. నగరం కట్టుకునే ఆట, 1989 నుంచీ జనం హాయిగా ఒక్కరే కూర్చుని ఆడుకున్న ఆట. ఆ ఏడాది మాత్రం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దాన్ని నెట్ లేకపోతే తెరుచుకోకుండా తయారుచేసింది. విడుదల రోజు అందరూ ఒక్కసారి వచ్చిపడేసరికి సర్వర్లు చేతులెత్తేశాయి. లాగిన్‌కి క్యూలు, గంటలు కూర్చుని కట్టిన నగరాలు సేవ్ కాకపోవడం, ఆఖరికి సర్వర్ల మీద భారం తగ్గించాలని గేమ్‌లో చీతా అనే అతివేగం సౌకర్యాన్నే కొన్నాళ్లు తీసేశారు. అమెజాన్ డౌన్‌లోడ్ అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపేసింది. కొన్నవాళ్లకి కంపెనీ ఇంకో గేమ్ ఉచితంగా ఇచ్చి సర్దిచెప్పింది. నెట్ లేకుండా ఆడే వీలు వచ్చేసరికి 2014 మార్చి అయింది, ఏడాది!

దాని రివ్యూ సంగతే మీ ప్రశ్నకి అసలు జవాబు. పాలిగాన్ అనే గేమింగ్ వెబ్‌సైట్ విడుదలకు ముందు పదికి 9.5 మార్కులు వేసింది. సర్వర్లు పడిపోయాక 8 చేసింది, తర్వాత 4, కాస్త కుదుటపడ్డాక 6.5. ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు. విడుదలకు ముందు ఆడినవాళ్లకి ఖాళీ సర్వర్లు దొరికాయి, వాళ్లకి గేమ్ బాగానే నడిచింది. మీకు అమ్మింది మాత్రం రద్దీలో ఇరుక్కున్న గేమ్. నెట్ తప్పనిసరి అయిన ఏ గేమ్‌కైనా విడుదలకు ముందు ఇచ్చిన మార్కులు మీరు ఆడబోయే గేమ్‌వి కావు, అందుకే వాటిని చూసి డబ్బు పెట్టొద్దంటున్నాను.

కొన్నిసార్లు కంపెనీలే చూడనివ్వవు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ వచ్చినప్పుడు ముందస్తు రివ్యూలకి పీసీ కాపీలే ఇచ్చారు, సొంతంగా తీసిన వీడియో చూపించనివ్వలేదు. సోనీ గేమ్ మెషీన్ పీఎస్4లో కొన్నవాళ్లకి తగిలింది వేరే అనుభవం. విడుదలై పట్టుమని పది రోజులు కాకముందే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వెనక్కిచ్చింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీకైతే రివ్యూలు విడుదల రోజు మధ్యాహ్నం దాకా బయటపెట్టకూడదన్నారు, అప్పటికే అర్ధరాత్రి నుంచి జనం కొనేశారు. కాబట్టి మీరు చూడాల్సింది మార్కుల కంటే ముందు రివ్యూ తేదీ. విడుదల ముంగిట్లో కూడా రివ్యూలు లేవంటే పర్సు తీయకండి. యూట్యూబ్ వీడియోలైతే ఇంకా జాగ్రత్త. యూట్యూబర్లకి డబ్బిచ్చి తమ గేమ్‌ని పొగిడించుకున్న విషయం దాచారని వార్నర్ బ్రదర్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే, అది 2016లో రాజీతో ముగిసింది. మన దగ్గర 2022 నాటి ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం కూడా డబ్బో ఉచిత కాపీయో తీసుకుంటే ఆ మాట చెప్పి తీరాలి. చెప్తున్నారా లేదా అని వీడియో మొదట్లోనే చూడండి.

ఇక నెట్ తప్పనిసరి గేమ్ అంటే నా లెక్కలో అద్దె ఇల్లు. అడ్వాన్స్ ఎంత ఇచ్చినా ఓనరు ఖాళీ చేయమన్న రోజు చేయాల్సిందే. 2014 నాటి ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లని దాన్ని అమ్మిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న మూసేసింది, పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు కూడా ఇక ఒక్కరే కూర్చుని ఆడుకోలేరు. అదే ఏడాది ఆగస్టు 23న వచ్చిన సోనీ వారి కాంకర్డ్ అనే గేమ్ సెప్టెంబరు 6కల్లా మూతపడింది, అందులో అందరికీ డబ్బు తిరిగివ్వడం ఒక్కటే మంచి విషయం. అందుకే ఇలాంటి గేమ్‌కి నేను సొంత వస్తువు ధర పెట్టను. ఎన్ని నెలలు ఆడతారో మీ పాత అలవాటు చూసి అంచనా వేసుకోండి, నెలకి ఎంత పడుతుందో చూసి అప్పుడు కొనండి. రెండు నెలల్లో పక్కన పడేసే గేమ్‌కి 5,499 అంటే నెలకి రూ. 2,750, మీ ఇంటి ఇంటర్నెట్ బిల్లు పక్కన పెట్టి చూడండి ఆ అంకెని.

మీ పాత 5,499 సంగతి. ఏ స్టోర్‌లో కొన్నారో రాయలేదు. పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటేనే మామూలుగా రిఫండ్. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ ఆట సమయమే, క్యూలో కూర్చున్నది కూడా. పైగా 2024 ఏప్రిల్ నుంచి ముందస్తు ప్రవేశంలో (మీకిచ్చిన ఆ మూడు రోజుల్లాంటిది) గడిపిన సమయం కూడా ఆ రెండు గంటల్లో కలుస్తోంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో విడుదలయ్యాక డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా ఆ అవకాశం పోతుంది. ఒకసారి కాదన్నా మళ్లీ రాయండి, ఈసారి క్యూ స్క్రీన్‌షాట్లు, కంపెనీ సర్వర్ సమస్య ఒప్పుకున్న ప్రకటన జత చేసి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. మీ విలువకి వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు, మీరు ఉండే చోటే వేయొచ్చు, కానీ ముందు హెల్ప్‌లైనే ప్రయత్నించండి. బ్యాంకుకి చెప్పి చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు బ్యాంకు ద్వారానే వెనక్కి తెప్పించుకోవడం) పెట్టాలనిపిస్తుంది, తొందరపడకండి, అలా చేస్తే కొన్ని స్టోర్లు మీ అకౌంట్‌నే లాక్ చేస్తాయి, అందులో ఉన్న గేమ్స్ అన్నీ చిక్కుకుంటాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ 34 వేలని ఈఎంఐగా మార్చమని కార్డు బ్యాంకుని అడగండి. ఏడాదికి 16 శాతం దగ్గర దొరికితే 12 నెలలకి నెలకు రూ. 3,100 లోపు పడుతుంది, ఆ వడ్డీ మీద జీఎస్టీ అదనం. అది తీరేదాకా కార్డుని స్టోర్ నుంచి తీసేయండి, సిప్ కూడా మొదలుపెట్టకండి. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ ఏ మ్యూచువల్ ఫండ్‌లో వేసినా ఆ నష్టం పూడదు. మీ ఆవిడకి ఈ మాట నా పేరు మీదే చెప్పండి, సిప్ ఆలోచన మంచిదే, దాని వంతు బాకీ తర్వాత.

గేమ్స్‌కి నెలకి వెయ్యి రూపాయలు వేరే అకౌంట్‌లో పడేలా పెట్టుకోండి, అది మీ ఇద్దరూ కలిసి ఒప్పుకున్న అంకె అయ్యుండాలి. సగంలో వదిలేసిన నాలుగు గేమ్స్ ఉన్నాయి కాబట్టి కొన్నాళ్లు ఆ డబ్బు ముట్టుకునే అవసరమే రాదు. జూన్ చివర్లో, డిసెంబరులో స్టీమ్ సేల్స్ వస్తాయి, సైబర్‌పంక్ లాంటివి కూడా బాగుపడ్డాక సగం ధరకే వచ్చాయి. విడుదలై కనీసం నెల దాటాక, ఆడినవాళ్లు ఈమధ్య రాసినవి చదివి, అప్పుడు కొనండి.

బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే కట్టేస్తే చార్జీ ఎంత, రెండూ అడిగి రాసుకోండి. వాళ్లు చెప్పిన వడ్డీ 20 శాతం దాటితే ఒప్పుకునే ముందు నాకు రాయండి, మీ జీతం అకౌంట్ ఉన్న బ్యాంకులో పర్సనల్ లోన్‌తో పోల్చి చెప్తాను.