ఫీజు సంగతి డిపార్ట్‌మెంట్‌లోనే అడగండి

ప్రశ్న: మేడమ్, టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో నాకు ఎమ్మెస్ సీటు వచ్చింది. లెటర్‌లో ఫండింగ్ ఊసే లేదు. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతానంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ట్యూషన్ ఫీజు తగ్గే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. అది కూడా మీరు వెళ్తున్న టెక్సస్‌లోనే ఉంది.

అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటి నుంచి వచ్చినవాళ్లకు ఫీజు చాలా ఎక్కువ. అయితే యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే, ఆ విద్యార్థి దగ్గర స్థానికుల రేటే తీసుకునే వీలు ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. కలిసొచ్చేది ఆ వెయ్యి కాదు, రెండు రేట్ల మధ్య తేడా. అందరికీ రాదు, ఇన్ని అని పరిమితి ఉంటుంది. నేనూ టెక్సస్‌లోనే చదివాను. ఈ సంగతి రెండో సెమిస్టర్‌లో ఒక సీనియర్ అక్క చెప్పేదాకా నాకు తెలియదు. మొదటి సెమిస్టర్ ఫీజు మొత్తం నాన్న పీఎఫ్ డబ్బుతో కట్టేశాను. అడ్మిషన్ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే చెప్తున్నాను, మీ డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టి, ఈ స్కాలర్‌షిప్‌కి ఎప్పుడు, ఎలా అప్లై చేయాలో అడగండి.

రెండోది అసిస్టెంట్‌షిప్, అంటే చదువుకుంటూనే ప్రొఫెసర్లకు పరిశోధనలోనో, పాఠాలు చెప్పడంలోనో సాయపడి, అందుకు యూనివర్సిటీ నుంచి డబ్బు పొందే పని. నేను ముప్పై మంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపాను, ఒక్క జవాబూ రాలేదు. తర్వాత ఒక ప్రొఫెసర్ పేపర్ చదివి, అందులో నాకు అర్థం కాని ఒక గ్రాఫ్ గురించి నాలుగు లైన్లు రాశాను. ఆయన మర్నాడే రమ్మన్నారు. ఆయన దగ్గర డబ్బులు లేవు కానీ, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో టీఏలు (పాఠాలు చెప్పడంలో సాయపడే విద్యార్థులు) కావాలని చెప్పింది ఆయనే. మీరు కూడా మీ డిపార్ట్‌మెంట్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి.

ఆఫర్ వస్తే సంతోషంలో వెంటనే సంతకం చేయకండి. వారానికి ఎన్ని గంటలు, ట్యూషన్ మొత్తం మాఫీయా సగమా, ఇన్సూరెన్స్, ఇతర ఫీజులు ఎవరు కట్టాలి అని అడగండి. ట్యూషన్ మాఫీ అయినా ఆ ఫీజులు చాలాచోట్ల మన మీదే పడతాయి.

క్యాంపస్‌లో చిన్న ఉద్యోగాలతో తిండి ఖర్చు వెళ్తుంది గానీ ఫీజుకి చాలదు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలే పని చేయాలి. అనుమతి లేకుండా బయట పని మాత్రం వద్దమ్మా, చదువే పోతుంది.

నాన్నగారికి ఈ మాట చెప్పండి: లోను మొత్తానికి శాంక్షన్ చేయించుకున్నా, ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్ డబ్బే తీసుకోవచ్చు. వడ్డీ తీసుకున్నంత వరకే పడుతుంది. రెండో సెమిస్టర్‌కి ఫీజు తగ్గితే, మిగతాది తీయనక్కర్లేదు.