34 ఏళ్లకి జూడోలో చేరితే ఎముకలు విరుగుతాయా?

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, 34 ఏళ్లు, పైగా పాత మోకాలి నొప్పి, ఇప్పుడు జూడో నేర్చుకోవచ్చా అని అడిగారు. నేను 32లో చేరాను. మూడో నెలలోనే నా ఎడమ మోచెయ్యి కీలు తప్పింది. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను.

ఆ రోజు రాండోరి చేస్తున్నాం, అంటే ఇద్దరూ నిజంగానే ఒకరినొకరు పడెయ్యడానికి చూసే సాధన. చూడ్డానికి మా బావమరిది వచ్చాడు. అవతలి కుర్రాడు నన్ను శుభ్రంగా లేపాడు, హాయిగా పడిపోవాల్సింది. బావమరిది ముందు పడటం నామోషీ అనిపించి చెయ్యి నేలకి ఆనించాను. ఒళ్లు బరువంతా ఆ చేతి మీదే పడింది. మూడు వారాలు కట్టు, తర్వాత ఫిజియోథెరపీ. బండి నడపలేక, అమీర్‌పేటలో మెట్రో మారుతూ ఒంటి చేత్తో వేలాడుతూ ఆఫీసుకి వెళ్లేవాణ్ణి.

నాలుగు నెలలకి తిరిగి వెళ్తే సార్ నెలంతా బ్రేక్‌ఫాల్స్, అంటే దెబ్బ తగలకుండా పడే సాధన మాత్రమే చేయించారు. జపనీస్‌లో దాన్నే ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి మ్యాట్‌ మీద కొట్టాలి. బోరు కొడుతుంది, నిజమే. కానీ ఒసోటో-గరి లాంటి వెనక్కి పడేసే పట్లలో గడ్డం వదిలేస్తే తల వెనక భాగం నేలకి తగులుతుంది. జపాన్‌లో స్కూలు పిల్లలకి తలకి పెద్ద దెబ్బలు తగిలింది ఎక్కువగా ఆ పట్టుతోనే. తలకి తగిలితే ఆ రోజుకి ఆట ఆపెయ్యండి. వాంతులో మత్తో వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కీళ్ల పట్టు, అంటే మోచెయ్యి మెలిపెట్టే పట్టు, పడగానే ఒప్పుకున్నానని అవతలివాణ్ణో మ్యాట్‌నో రెండుసార్లు తట్టెయ్యండి, నొప్పి వచ్చేదాకా చూడొద్దు. నా అనుభవంలో బాగా అనుభవమున్న బ్రౌన్ బెల్టుల కంటే, బలమంతా వాడేసే కొత్త వైట్ బెల్టు కుర్రాళ్లే ప్రమాదం. ఒంట్లో ఓపిక అయిపోయాక "ఇంకొక్క రౌండ్" అంటే నవ్వి తప్పుకోండి. యూట్యూబ్‌లో చూసి కాళ్లకి కత్తెర వేసే కానీ-బసామి ఎవరైనా ప్రయత్నిస్తే వద్దని గట్టిగానే చెప్పండి. 1980లో జపాన్ జూడో ఛాంపియన్ యాసుహిరో యమషిటా అంతటివాడి కాలే దానితో విరిగింది, తర్వాత పోటీల్లో నిషేధించారు.

అన్నట్టు, వానాకాలంలో గీ, అంటే జూడో డ్రెస్సు, సరిగ్గా ఆరక తామర పట్టుకుంటుంది. రెండు జతలు కొనుక్కోండి.

మోకాలు ముందు ఆర్థో డాక్టరుకి చూపించి, కోచ్‌కి మొదటి రోజే చెప్పండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా జూడో నేర్పే నాలుగు చోట్లకి వెళ్లి చూశాను. ఒకచోట టైల్స్ మీద పలచటి పజిల్ మ్యాట్లు పరిచారు, సందుల్లో వేళ్లు ఇరుక్కునేలా ఉన్నాయి. ఇంకోచోట కొత్తవాళ్లని రాండోరికి ఎప్పుడు దింపుతారని అడిగితే "మొదటి వారమే సార్, భయం పోతుంది" అన్నారు. మళ్లీ అటు వెళ్లలేదు.